ముగ్గురు చూసిన మూడు కడ్డీలు

ఆ గురువారం ఉదయం పది గంటలకు మెట్లెక్కి వచ్చిన ఆవిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. నలభై ఏళ్లుంటాయి. బల్ల ముందు నిలబడి, కాయలు కాసిన అరచేతులు రెండూ ముందుకు చాపింది.

"ఈ చేతులతోనే చేశానయ్యా. నా వల్లే ఆయన చెయ్యి పోయిందంటున్నారు. నా తప్పు లేదని చెప్పించుకోవడానికి రాలేదు. ఉందో లేదో తేల్చమని వచ్చాను."

బల్లకు అవతల ఉన్న ప్రైవేటు డిటెక్టివును అందరూ నిదానం గారనే పిలుస్తారు. ఇల్లంటుకున్నా ముందు చెప్పులు వెతుక్కునే మనిషని గిట్టనివాళ్లు అంటారు. ఆ చెప్పులు వెతుక్కునే లోపలే ఇల్లంటించినవాడెవడో కూడా కనిపెట్టేస్తారని ఆయన అసిస్టెంటు వాదిస్తాడు. ఈ అసిస్టెంటు పూర్వం అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. రెండు మాటలకోసారి ఆగుతాడు కనక కామా అని పేరు పడింది. నిదానం గారంటే వల్లమాలిన గురి. ఆయన తుమ్మినా నోటుబుక్కులో రాసుకుంటాడు.

"ఎవరి చెయ్యి? ఏం చేశావు? మొదట్నించీ చెప్పమ్మా," అన్నారు నిదానం గారు.

ఆవిడ వడ్రంగి. పాత తుపాకుల సంఘం ఆవరణలో ఒక షెడ్డులో పని చేసుకుంటుంది. ఆ సంఘం వాళ్లవన్నీ మూతిలోంచి మందు పోసే పాతకాలపు తుపాకులు. మందు పోసి, దాని మీద గుడ్డపేలికలో చుట్టిన సీసపు గుండు పెట్టి, పొడవాటి కడ్డీతో అడుగుదాకా దట్టిస్తేనే అవి పేలుతాయి. ఆ కడ్డీలు కర్రతో చేయడంలో ఈవిడది అందె వేసిన చెయ్యి.

"సంఘంలో లెక్కల మాస్టారొకాయన ఉన్నారు. ఆయనకి కర్ర కడ్డీ నేనే చేసిచ్చాను. కానీ ఆయన ఇరవై ఏళ్లుగా ఇత్తడి కడ్డీతోనే దట్టిస్తారు. నాది గొట్టం కింద దాని గాడిలో అలంకారానికే ఉండేది. మొన్న ఆదివారం పోటీ మొదలయ్యే ముందు నేనే ఆయనకి తుపాకీ మూతి చూపించాను. గుండు తిరుగుతూ పోయేందుకు గొట్టం లోపల కోసిన మెలిక గాళ్లు ఒక పక్కన అరిగిపోయాయి. ఇత్తడి మెత్తందే గానీ, మెత్తంది కాబట్టే ఇసక రేణువులు అందులో దిగబడతాయి. ఇంక అది ఆకురాయిలా గీస్తుంది. 'కర్రది వాడండి మాస్టారూ' అన్నాను. సరేనని దాన్ని తీయబోతుంటే నేను షెడ్డుకి వెళ్లిపోయాను. మూడో గుండు దట్టిస్తుంటే విరిగిపోయింది. విరిగిన మొన అరచేతిలో ఇటు గుచ్చుకుని అటు వచ్చింది."

కామా మంచినీళ్లు అందించాడు.

"ఇవాళ సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. నన్ను షెడ్డు ఖాళీ చేయిస్తారు. నా కడ్డీలు ప్రమాదమని సంఘాలన్నిటికీ ఉత్తరాలు రాస్తారు. షెడ్డు పోతే ఇంకోటి చూసుకుంటానయ్యా. ఆ ఉత్తరంలో రాసేది నిజమే అయితే మాత్రం నేనింక ఉలి పట్టలేను."

"విరిగిన ముక్కలు చూశావా?"

"ఎక్కడ! నేను పరిగెత్తేసరికి అంతా రక్తం. ప్రెసిడెంటుగారు ముక్కలు తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. అడిగితే, దొంగ చేతికి తాళాలిస్తామా అన్నారు."

నిదానం గారు చెప్పులు వెతుక్కున్నారు.

*

సంఘం ప్రెసిడెంటు లావుపాటి మనిషి. మెడలో తాళాల గుత్తి వేసుకుని, దాన్ని నిమురుకుంటూ మాట్లాడతాడు. కామా మూడుసార్లు బతిమాలితే బీరువా తెరిచాడు.

గుడ్డలో గోధుమరంగు కర్రముక్కలు రెండు ఉన్నాయి. ఒకదాని కొనకు ఇత్తడి పొన్ను ఉంది. విరిగినచోట అడ్డంగా తెగలేదు. రాయడానికి చెక్కిన కలం పాళీలాగా, జానెడు పొడవున ఏటవాలుగా, వాడిగా చీలింది. నిదానం గారు భూతద్దం పెట్టి కర్ర చారలు చూశారు. చారలు కర్ర వెంట నిలువుగా పోకుండా, పక్కకి వాలి అంచు దాటిపోతున్నాయి. కొనకు టోపీలా తొడిగిన ఆ పొన్ను పట్టుకుని కాస్త తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. లోపల ఎండిన గమ్ము ఉంది. తరవాత కర్రను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కామాకి ఇచ్చారు. కామాకి నూనె వాసన తెలిసింది, మందు వాసన తెలిసింది. ఆ రెంటి కింద ఇంకేదో, తనకు రోజూ తెలిసిన వాసన ఉంది. పేరు మాత్రం తట్టి చావలేదు.

"ఆదివారం మాస్టారు వాడిన కడ్డీ ఇదేనా?" అన్నారు నిదానం గారు.

"ఇదే. నా కళ్లతో చూశా. గోధుమరంగు కర్ర," అన్నాడు ప్రెసిడెంటు.

వరండాలో తుపాకులు బాగుచేసే మేస్త్రి ఉన్నాడు. ఆయన దగ్గర ఇత్తడి కడ్డీలు అమ్మకానికి వేలాడుతున్నాయి.

"కర్రేంటండీ? ఆదివారం పొద్దున మాస్టారి బల్ల మీద ఇత్తడి కడ్డీ నేను చూశానుగా. తళతళా మెరుస్తోంది. ఆయనకి అమ్మింది నేనే, ఆ మాత్రం గుర్తుపట్టనూ?"

"అది గొట్టాన్ని అరగదీస్తుందట కదా?"

"మూతికి ఇత్తడి గరాటా తొడిగి, కడ్డీ అంచుకి తగలకుండా దట్టించమని చెప్పాను. వింటేగా! అయినా కర్ర అంటే కర్రే, ఏనాటికైనా విరుగుతుంది. ఉక్కు విరగదు, తుప్పు పడుతుంది. గాజునార, అదే ఫైబర్ గ్లాసు కడ్డీ విరగదు, తుప్పూ పట్టదు, కానీ గాళ్లని ఇసక కాగితంలా గీస్తుంది. తిరిగి తిరిగి ఇత్తడి దగ్గరికే రావాలి."

మైదానం చివర గుళ్లు ఆగడానికి పోసిన మట్టికట్ట ఉంది. దాని పక్క గోతిలో కూర్చుని, గురిబల్లలకు కాగితాలు మార్చే మనిషి కాస్త చెవిటివాడు. ప్రశ్న రెండుసార్లు అరవాల్సి వచ్చింది.

"మాస్టారి కడ్డీయా? నల్లగా ఉంటుంది కదండీ," అన్నాడు.

కామా పెన్సిలు ఆగిపోయింది. "నలుపా? నువ్వు, ఎక్కడ చూశావు?"

"ఇక్కడే దొరికింది. మట్టికట్టలో గుచ్చుకుని రెండు ముక్కలుంటే, పోయిన శుక్రవారం పొద్దున పీకి దాచా. కర్ర మంచిది, గురిబల్ల కింద గూటంగా కొట్టా. తప్పైతే ఇచ్చేస్తానండీ." అంటూ వాటిని పీకి ఇచ్చాడు. ముక్కలు మసిబారి ఉన్నాయి. ఒకదాని కొనకు ఇత్తడి పొన్ను ఉంది.

"శుక్రవారమా? ప్రమాదం జరిగింది ఆదివారం!" అన్నాడు కామా.

"ఆదివారం సంగతి నాకు తెలీదండీ. నేను గోతిలో ఉంటాను. నాకు పొగ కనబడుతుంది గానీ మనుషులు కనబడరు. గురువారం మధ్యాహ్నాలు మాస్టారి పెరటి వైపే పొగ లేస్తుంది, ఆయన ఒక్కరే వచ్చి కాలుస్తారు. ఆయన కడ్డీయే అయ్యుంటుందనుకున్నా."

"గురువారం మధ్యాహ్నమా?" అని నిదానం గారు గట్టిగా అడిగారు.

"ఏడాదిగా తప్పకుండా. ఈసారే రెండు పేలుళ్లతో ఆపేశారు."

తిరిగి వస్తుంటే కామా తల పట్టుకున్నాడు. ప్రెసిడెంటు గోధుమరంగు అంటాడు, మేస్త్రి పసుపు అంటాడు, ఇతను నలుపు అంటాడు. పైగా ఆదివారం విరిగిన కడ్డీ శుక్రవారమే మట్టిలో దొరికిందట. నోటుబుక్కులో మూడు గళ్లు గీసి, ప్రతి గడిలోనూ ఒక ప్రశ్నార్థకం పెట్టి, చివరికి పేజీ చింపేశాడు.

"వీళ్లలో ఇద్దరు, కనీసం ఇద్దరు, అబద్ధాలకోర్లండీ."

"తొందరపడకు," అన్నారు నిదానం గారు. ఆయన ఎవరితోనైనా అనే మాట అదే కనక కామా పట్టించుకోలేదు.

షెడ్డులో వడ్రంగి వాళ్ల కోసమే చూస్తోంది. నిదానం గారు ఏ ముక్కలూ చూపించలేదు. కడ్డీ ఎలా చేస్తావో చెప్పమన్నారు.

"రంపంతో కొయ్యనయ్యా. రంపానికి కళ్లుండవు, చెక్క నార ఎటు పోతున్నా అది తిన్నగా కోసుకుపోతుంది. నేను దుంగలో ఇనప మేకు దిగ్గొట్టి చీలుస్తాను. నార ఎటుంటే అటే చీలుతుంది. తరవాత ఆ నార వెంటే చిత్రిక పడతాను. చూడండి." గోడకున్న కడ్డీ ఒకటి తీసి విల్లులా వంచింది. వదలగానే తిన్నగా నిలబడింది. కొనకున్న పొన్నుకు అడ్డంగా సన్నటి మేకు కొట్టి ఉంది. "గమ్ము ఒక్కటీ పెడితే పొన్ను గొట్టంలో ఊడి ఉండిపోతుంది. అందుకే మేకు."

"మరి ఇంత జాగ్రత్తగా చేసింది ఎందుకు విరిగిందంటావు?"

"అదే తెలియడం లేదు. నాలుగు రోజులుగా అదే ఆలోచన. ఆ దుంగలో నేను చూడని పగులేదో ఉండుంటుంది." ఆవిడ తల దించుకుంది.

*

మాస్టారి ఇల్లు సంఘం ఆవరణకు సరిగ్గా వెనకే. పెరటి తలుపు తీస్తే కాల్పుల మైదానమే. మాస్టారు కుడిచేతికి కట్టుతో పడక్కుర్చీలో ఉన్నారు. బడిపంతులుగా రిటైరయినా లెక్కల పాఠం మానని మనిషి.

"ఇవాళ గురువారం. పక్క ఊరి స్కూల్లో పిల్లలు నా కోసం చూస్తుంటారు. పదేళ్లలో మధ్యాహ్నం క్లాసు మానడం ఇదే మొదటిసారి. చెయ్యి సంగతంటారా, రెండు వేళ్లు ముడుచుకోవని డాక్టరు తేల్చేశాడు."

"వడ్రంగి మీద కోపంగా ఉందా?"

మాస్టారు చేతి కట్టు వంక చూసుకున్నారు. "కోపం కాదు, అర్థం కావడం లేదు. ఆ పిల్ల పని నాకు తెలుసు. మూతి అరిగిందని చూపిస్తే, అప్పటికప్పుడు ఇత్తడిది బల్ల మీద పడేసి కర్రది తీశాను. ఇంట్లో కూడా చెప్పలేదు, అక్కడే అనుకున్నది."

ఆయన భార్య టీ తెచ్చింది. పొట్టిగా, సన్నటి వేళ్లతో, చకచకా నడిచే మనిషి. కామా కప్పు నోటిదగ్గర పెట్టుకుని గతుక్కుమన్నాడు. కర్రకున్న వాసన ఇదే! ఆ వెంటనే, వడ్రంగి కూడా టీ తాగుతుంది కదా అనిపించి, మళ్లీ మొదటికొచ్చాడు.

నిదానం గారు తీరిగ్గా టీ తాగుతూ గది చూస్తున్నారు. వీధివైపు కిటికీలకు పరదాలు గుండ్రటి కర్రల మీద ఉన్నాయి. వంటింటి కిటికీ పరదా ఒక్కటీ కొబ్బరితాడు మీద వేలాడుతోంది.

"మాస్టారూ, నాకీ తుపాకుల గురించి తెలియదు. లోపల గుండు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?"

"దానికేముంది, కడ్డీ వేసి చూడ్డమే. గొట్టం ఖాళీగా ఉంటే కడ్డీ కొన మూతితో సమానంగా ఉంటుంది. మందూ గుండూ ఉంటే మూడు వేళ్ల ఎత్తు పైకి నిలుస్తుంది."

"నాలుగు," అంది ఆయన భార్య కప్పులు తీస్తూ.

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. మూడే!" అని మాస్టారు నవ్వారు. ఆవిడ కప్పులతో లోపలికి వెళ్లిపోయింది.

మూడా, నాలుగా? కామా రెండూ రాసుకుని, రెంటినీ కొట్టేశాడు.

*

నాలుగు గంటలకు కమిటీ గదిలో పొడవాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ప్రెసిడెంటు, మేస్త్రి, గురిబల్లల మనిషి, మాస్టారు దంపతులు. వడ్రంగి తలుపు పక్కనే నిలబడింది. ప్రెసిడెంటు ముందు ఉత్తరాలు టైపు చేసి సిద్ధంగా ఉన్నాయి, సంతకమే తరవాయి.

"ఈ కేసులో అబద్ధం చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు," అని మొదలుపెట్టారు నిదానం గారు. "అందుకే మా కామాకి పిచ్చెక్కింది. ఒకరు అబద్ధమాడితే పట్టుకోవచ్చు. ముగ్గురూ నిజం చెబితే ఏం చేస్తాం?"

ఆయన బల్ల మీద మూడు కడ్డీలు పెట్టారు. "మేస్త్రిగారు చూసిన ఇత్తడి కడ్డీ ఇది. చూసింది నిజమే, మాస్టారు దాన్ని వాడకుండా బల్ల మీద వదిలేశారు. ప్రెసిడెంటుగారు చూసిన గోధుమరంగు కర్ర ఇది. విరిగింది ఇదే. ఇక గురిబల్లల దగ్గర దొరికిన నల్ల ముక్కలు ఇవి. అమ్మా, ఇలా వచ్చి చూడు."

వడ్రంగి వచ్చింది. గోధుమరంగు ముక్కను తిప్పి చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది. "ఇది రంపంతో కోసిన కర్ర! నార పక్కకి పోతోంది. దీన్నెవరు కడ్డీ అన్నారు? నొక్కితే చీలుతుంది." నల్ల ముక్క పొన్ను దగ్గర మసి తుడిచింది. అడ్డమేకు బయటపడింది. "ఇది నాది."

"నీదే. ఆదివారానికి మూడు రోజుల ముందే ఇది మట్టికట్టలో ఉంది. కాలు లేని కర్ర అక్కడికెలా వెళ్లింది? మసి ఎందుకు పట్టింది? మేస్త్రిగారూ, మీకు తెలియాలి."

మేస్త్రి నోరు తెరిచాడు. "దట్టించాక కడ్డీ బయటికి తీయడం మరిచిపోయి పేల్చారా! గుండుతోపాటు కడ్డీ కూడా ఎగిరిపోయింది!"

"ఈ సంఘంలో ఎవరూ చేయని తప్పేమీ కాదనుకుంటాను."

మేస్త్రి పైకప్పు చూశాడు. ప్రెసిడెంటు తాళాలు చూసుకున్నాడు.

"పోయిన కడ్డీ స్థానంలో ఇంకో కర్ర పెట్టారు. నున్నటి గుండ్రటి కర్ర దొరికింది. కత్తితో చెక్కి, టీ నీళ్లతో రంగు పట్టించి, నూనె రాసి, ఇంట్లో పడున్న ఇంకో పాత పొన్ను గమ్ముతో అతికించారు. చెడ్డ ఉద్దేశం లేదు. మాస్టారు కర్రది ఏనాడూ వాడరని వాళ్ల నమ్మకం. ఆయన ఆ ఉదయమే మనసు మార్చుకున్నారు, ఇంట్లో కూడా చెప్పలేదు."

"వాళ్లంటే ఎవరండీ?" అన్నాడు ప్రెసిడెంటు.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు. గురువారం మధ్యాహ్నాలు ఇక్కడ పొగ కనబడింది. మాస్టారేమో ఆ వేళకి పక్క ఊళ్లో లెక్కలు చెబుతున్నారు. తుపాకీ ఆయన ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇంట్లో ఒక పరదాకి కర్ర లేదు. గుండు ఉంటే కడ్డీ మాస్టారి లావుపాటి వేళ్లతో మూడు వేళ్లు నిలుస్తుంది. అదే ఎత్తు సన్నటి వేళ్లతో కొలిస్తే నాలుగవుతుంది. కానీ ఆ నాలుగు అన్న మాట, తన చేత్తో కొలిచినవాళ్లకే..."

"ఇంక చాలండీ," అని మాస్టారి భార్య లేచి నిలబడింది. "నేనే."

మాస్టారు భార్య వంక కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"ఎప్పట్నించి?"

"పదకొండు నెలలు."

"ఎవరు నేర్పారే నీకు?"

"మీరే. అన్నం తింటున్నంతసేపూ మీరు చెప్పేది అదేగా. మీ తాత తుపాకీ మీద ఇంకో చెయ్యి పడకూడదని కూడా మీరే అన్నారు. అందుకే చెప్పలేదు. పోయిన గురువారం దట్టించాను. ఇంట్లో ఫోను మోగింది. మీరేమో అని కంగారుపడి, అటు చూస్తూ ఇటు పేల్చేశాను. గడ్డంతా వెతికాను, కడ్డీ కనబడలేదు." ఆవిడ కళ్లు నిండాయి. "ఆపరేషన్ అయ్యాక చెబుదామనుకున్నాను. అయింది. మీకు జ్వరం తగ్గాక అనుకున్నాను. తగ్గింది. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది."

మాస్టారు కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టారు. "దెబ్బ నాకు తగిలింది. దాని సంగతి మనం ఇంట్లో చూసుకుందాం. మాట పడింది ఆ పిల్ల. నువ్వు మాట్లాడాల్సింది నాతో కాదు."

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఈ తీర్మానం రద్దు చేసినట్టే."

"రద్దు సరిపోదండీ," అంది వడ్రంగి. "విరిగిన కడ్డీ నాది కాదని రాసివ్వండి."

ఆయన టైపు చేసిన ఉత్తరాన్ని తిరగేసి, వెనకవైపు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుంది. కామా ఆవిడ నవ్వుతుందేమోనని చూశాడు. ఆవిడ నవ్వలేదు. మాస్టారి భార్య బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మాయ్, నన్ను..."

"అమ్మా, ఆదివారం ఆసుపత్రి వరండాలో మీరు నా చెయ్యి పట్టుకుని, నీ తప్పేం లేదమ్మా అన్నారు. గుర్తుందా?"

మాస్టారి భార్య తల ఊపింది.

"ఎంత మంచి మనసో అనుకున్నాను. మొగుడి చెయ్యి పోగొట్టినదాన్ని కూడా ఓదారుస్తున్నారే అని ఇంటికెళ్లి ఏడ్చాను. మీరు ఓదార్చలేదమ్మా. ఉన్న నిజం చెప్పారు. అదే మాట ఇంకో నలుగురికి వినబడేలా చెప్పుంటే, ఈ నాలుగు రోజులూ నేను కూడా మనిషిలా అన్నం తిని ఉండేదాన్ని."

కాగితం మడిచి జాకెట్టులో దోపుకుని వడ్రంగి బయటికి నడిచింది.